బ్రన్స్‌విక్ స్క్వేర్ 10, 13 నంబర్ల ఇళ్ళు

ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ అండ్ హోవ్ నగరంలో, హోవ్ భాగానికి తూర్పు అంచున, మూడు వైపులా ఇళ్ళ వరుసలతో, నాలుగో వైపు ఇంగ్లిష్ చానల్‌కు తెరుచుకొని ఉన్న విశాలమైన వాడ బ్రన్స్‌విక్ స్క్వేర్. ఇందులోని 10, 13 నంబర్ల ఇళ్ళు 1820ల నాటి సముద్రతీర నగరగృహానికి కలిపి చూడవలసిన జంట ఉదాహరణలు. చార్ల్స్ ఆగస్టిన్ బజ్బీ (1786–1834) అనే వాస్తుశిల్పి వాడ మొత్తానికి గీసి ఇచ్చిన ముఖభాగ ప్రణాళికకు లోబడి కట్టిన ఈ రెండు ఇళ్ళలో, 13వ నంబరు ఇల్లు, 10వ నంబరు ఇంటి నేలమాళిగ ప్రస్తుతం ‘ది రీజెన్సీ టౌన్ హౌస్’ అనే వారసత్వ సంస్థ నిర్వహణలో ఉన్నాయి. యజమానులు అతిథులను కూర్చోబెట్టిన గదులు 13లోనూ, ఆ యజమానుల జీవితాన్ని కింది నుంచి నడిపించిన పనివారి గదులు 10లోనూ నిలిచి ఉండటం వల్ల, ఒక ఇంటిలో దొరకని భాగం రెండో ఇంటిలో దొరుకుతుంది.

రీజెన్సీ అన్న మాటకు రాజకీయ చరిత్రలో పరిధి చాలా చిన్నది. మతి చలించిన మూడో జార్జి రాజుకు బదులుగా అతని కుమారుడు రాజప్రతినిధిగా పాలించిన 1811–1820 మధ్య కాలం మాత్రమే అది. వాస్తు చరిత్రకారులు మాత్రం ఆ రాజకుమారుడు నాలుగో జార్జిగా ఏలిన 1820–1830 దశకాన్ని, దానికి అటూ ఇటూ మరికొన్ని సంవత్సరాలను కూడా కలుపుకొని, గచ్చుపూత గోడలు, వంపు కిటికీలు, ఇనుప వసారాలు కలిగిన ఆ శైలికంతటికీ ఈ పేరే వాడుతున్నారు.

పూర్వరంగం

బ్రైటన్ మొదట చేపలు పట్టేవారి ఊరు. పొరుగున ఉన్న లూయిస్ పట్టణపు వైద్యుడు రిచర్డ్ రసెల్, సముద్రపు నీటిలో స్నానం చేయడం, ఆ నీటిని తాగడం గ్రంథుల వ్యాధులను నయం చేస్తాయని వాదిస్తూ 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం ప్రచురించి, కొద్దికాలానికే బ్రైటన్ తీరాన ఇల్లు కట్టుకొని రోగులను చేర్చుకోవడంతో, లండన్ సంపన్నుల రాకపోకలు మొదలయ్యాయి. 1783లో వేల్స్ యువరాజు జార్జి తొలిసారి వచ్చి ఊరిని ఇష్టపడటంతో వైద్యం వినోదానికి దారి ఇచ్చింది. యువరాజు కోసం కట్టిన విడిదిని 1815–1822 మధ్య జాన్ నాష్ అనే వాస్తుశిల్పి ఉల్లిపాయ ఆకారపు గుమ్మటాలతో, మినార్లతో హిందూస్థానీ భవనాల పోలికలో పునర్నిర్మించాడు. భారతదేశంతో ఈ ఊరికున్న సంబంధం అలంకారానికే పరిమితం కాలేదు. పాట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తిరిగి, చివరికి బ్రైటన్‌లో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ (1759–1851), సముద్రతీరాన ఆవిరి స్నానాల శాల నడిపి, తైలమర్దన వైద్యుడిగా నాలుగో జార్జికీ, అతని తర్వాతి రాజుకూ కూడా సేవలందించాడు.

రాజు ఉన్నచోటికి కొలువు, కొలువు ఉన్నచోటికి బజారు చేరడం ఎక్కడైనా జరిగేదే. 1801లో ఏడు వేల పైచిలుకు ఉన్న బ్రైటన్ జనాభా 1831 నాటికి నలభై వేలు దాటింది. అప్పటికి అక్కడ రైలు లేదు, పరిశ్రమ లేదు, సరైన రేవు కూడా లేదు. ఇంత పెరుగుదలా సీజనుకు వచ్చేవారి ఖర్చు మీద జరిగిందే. సీజను అంటే సంపన్న కుటుంబాలు వైద్యం, విందులు, పెళ్ళి సంబంధాల కోసం లండన్ వదిలి తీరానికి తరలివచ్చే నెలలు. ఇలా వచ్చేవారికి సొంత భవంతి అక్కర్లేదు. లండన్ ఇంటికి తీసిపోని వైభవంతో, సామాను సర్ది సిద్ధంగా ఉన్న అద్దె ఇల్లు కావాలి. బ్రన్స్‌విక్ స్క్వేర్ పుట్టుకకు ఈ గిరాకీయే కారణం. తర్వాత రెండు వందల ఏళ్ళలో ఈ ఇళ్ళు ఎన్ని చేతులు మారినా వాటి కథకు మూలం ఇక్కడే ఉంది: ఇవి మొదటి నుంచీ ఒక వంశం తరతరాలుగా ఉండటానికి కట్టినవి కావు.

వాడ నిర్మాణం

ఊరికి పడమటి సరిహద్దు అవతల, హోవ్ పరిధిలో, విక్ అనే వ్యవసాయ భూమి రెవరెండ్ థామస్ స్కట్ అనే మతాచార్యుడి అధీనంలో ఉండేది. తూర్పు చివర థామస్ రీడ్ కెంప్ అనే పార్లమెంటు సభ్యుడు 1823లో కెంప్ టౌన్ అనే మహా వాడను ప్రారంభించగా, దానికి దీటుగా పడమట మరొకటి లేపడానికి ఈ భూమి అనువుగా కనిపించింది. అమెరికాలో కొంతకాలం గడిపి తిరిగివచ్చి, 1822లో బ్రైటన్ చేరిన బజ్బీ, స్థానిక నిర్మాణ కుటుంబమైన వైల్డ్స్ తండ్రీకొడుకులతో భాగస్వామ్యం కలిపి కెంప్ టౌన్‌కూ, విక్ భూమిలో లేచిన బ్రన్స్‌విక్ టౌన్‌కూ కూడా నమూనాలు తయారుచేశాడు. ఆ భాగస్వామ్యం 1825లో ముగిసింది. ఏది ఎవరి పని అన్న వాదం చాలాకాలం నడిచినా, మిగిలి ఉన్న చిత్తు నమూనాలను బట్టి బ్రన్స్‌విక్ ప్రధానంగా బజ్బీదేనని నేటి చరిత్రకారులు భావిస్తున్నారు.

1824లో మొదలైన ఈ వాడ పథకంలో రెండు ముఖ్య భాగాలు ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా బారులు తీరి, రెండు మూడు అంతస్తుల పొడవున లేచే కొరింథియన్ స్తంభాలతో కనిపించే బ్రన్స్‌విక్ టెర్రస్ మొదటిది; ఆ బారుల మధ్య నుంచి ఉత్తరానికి, అంటే నేల ఎత్తుగా ఉన్న వైపుకు చొచ్చుకుపోయే స్క్వేర్ రెండోది. టెర్రస్ అంటే ఇక్కడ ఇంటి పైకప్పు అని కాక, ఉమ్మడి గోడలతో ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన ఇళ్ళ వరుస అని అర్థం చేసుకోవాలి. వరుసలోని పది ఇళ్ళను బయటికి ఒకే రాజభవనంలా చూపించే ఈ పద్ధతి 18వ శతాబ్దంలో బాత్ పట్టణంలో జాన్ వుడ్ తండ్రీకొడుకుల చేతుల్లో పరిణతి చెందింది. బజ్బీ దాన్ని సముద్రతీరానికి మళ్ళించాడు.

బజ్బీ ప్రణాళికలో ఇళ్ళొక్కటే కాదు, వాటిని పోషించే చిన్న పట్టణమంతా ఉంది. స్క్వేరుకు రెండు పక్కలా వెనక వీధుల్లో గుర్రపుశాలలు, బండి కొట్టాలు, వాటి మీద సారథుల గదులు వచ్చాయి. వాటర్లూ వీధిలో సెయింట్ ఆండ్రూస్ చర్చిని, తర్వాతి కాలంలో లండన్ పార్లమెంటు భవనానికి రూపకర్తగా ప్రసిద్ధుడైన చార్ల్స్ బ్యారీ 1827–28లో కట్టాడు. బజ్బీయే 1828లో కట్టిన మార్కెట్టు మాత్రం వ్యాపారంగా నిలదొక్కుకోలేక గుర్రపుస్వారీ శాలగా మారి, ఎన్నో అవతారాల తర్వాత నేడు నాటక, సంగీత ప్రదర్శనల వేదికగా ఉంది.

కట్టుబడికి పెట్టుబడి తెచ్చిన తీరు గమనించదగ్గది. భూస్వామి ఒక్కొక్క స్థలాన్ని ఒక్కొక్క నిర్మాణదారుకు ఇచ్చేవాడు. బయటి ముఖం అంగుళం తేడా లేకుండా బజ్బీ గీసినట్టే ఉండాలన్నది షరతు; ఆ ముఖం వెనక గదులు ఎలా వేసుకున్నా నిర్మాణదారు ఇష్టం. అందువల్లే ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు పక్కపక్క ఇళ్ళ లోపల మెట్ల తిరుగుడు, పొయ్యిల స్థానం, పైకప్పు అలంకారం వేర్వేరుగా ఉంటాయి. మరమ్మతు ఖర్చులూ, వీధి దీపాలూ, కాపలా, పారిశుద్ధ్యమూ చూసుకోవడానికి 1830లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, బ్రన్స్‌విక్ నివాసుల నుంచే కమిషనర్లను ఏర్పాటు చేసింది. అంటే పక్కనే ఉన్న బ్రైటన్‌తో సంబంధం లేని సొంత పురపాలన. ముఖభాగాల ఏకరూపతను కాపాడాలన్న నియమం అప్పటి నుంచి వేర్వేరు చట్టాల రూపంలో కొనసాగుతూ, నేటికీ ఇక్కడి యజమానులు అయిదేళ్ళకోసారి ముఖభాగానికి నిర్దేశించిన ఒకే క్రీము రంగు వేయించవలసి ఉంది. ముఖం ఊరిది, లోపలిది యజమానిది అన్న ఈ విభజనే ఈ ఇళ్ళ తర్వాతి చరిత్రనంతా నిర్ణయించింది.

ఇంత చేసిన బజ్బీకి దక్కింది ఏమీ లేదు. అప్పులపాలై, దివాలా తీసి, 1834లో హోవ్‌లోనే మరణించాడు. కెంప్ కూడా అప్పులవాళ్ళకు దొరక్కుండా 1837లో దేశం విడిచి, 1844లో పారిస్‌లో కన్నుమూశాడు. తీరం వెంట రాజసంగా కనిపించే ఈ వరుసలు వాటిని తలపెట్టిన వారి దివాలా మీద నిలిచాయి.

ముఖభాగం, గోడ

స్క్వేరులోని ఇళ్ళకు అన్నిటికన్నా గుర్తుగా ఉండేది ముందుకు ఉబికిన విల్లువంపు. ఇది కేవలం సొగసు కోసం పెట్టినది కాదు. స్క్వేరుకు తూర్పు, పడమర వరుసల్లో ఉన్న ఇళ్ళు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి కనుక, గోడ సమతలంగా ఉంటే కిటికీలోంచి ఎదుటివారి కిటికీ తప్ప మరేమీ కనిపించదు. గోడ వంపు తిరిగితే గదిలో కూర్చున్న వ్యక్తికి పక్కచూపుగా సముద్రం అందుతుంది. సముద్రం కనిపించే ఇంటికి అద్దె ఎక్కువ. ఒక్క వంపుతో పక్క వరుసల ఇళ్ళన్నిటికీ ఆ అద్దె యోగ్యత కట్టబెట్టిన బజ్బీ తెలివి, అతని స్తంభాల అందం కంటే మెచ్చుకోదగ్గది.

బయటికి రాయిలా కనిపించే గోడ నిజానికి రాయి కాదు. సున్నంతో గానీ, నీటిలో కూడా గట్టిపడే సహజ సిమెంటుతో గానీ చేసిన గచ్చుపూతను గోడకు దట్టంగా పూసి, ఆరకముందే గీతలు లాగి, చెక్కిన రాతి దిమ్మెల అతుకుల్లా కనిపించేటట్టు చేశారు. దాని వెనకున్నది బ్రైటన్ పరిసరాల్లో తప్ప మరెక్కడా అంతగా కనిపించని ‘బంగరూష్’ అనే కట్టుబడి. చెక్క పలకలతో అచ్చు నిలబెట్టి, అందులో సముద్రపు గులకరాళ్ళు, చెకుముకి రాళ్ళు, విరిగిన ఇటుక ముక్కలు, ఇసుక, సున్నం, అప్పుడప్పుడు చెక్క తునకలు కూడా కలిపి పోసి, గట్టిపడ్డాక అచ్చు విప్పేవారు. కిటికీల అంచులకూ మూలలకూ మాత్రం మంచి ఇటుక వాడేవారు. 18వ శతాబ్దపు మధ్యకాలం నుంచి నూరేళ్ళ పాటు ఈ పద్ధతి నడిచింది. ఊరి నిండా అడుగడుగునా దొరికే చెత్తరాయితో త్వరగా, చవకగా కట్టవచ్చు కనుక లాభం కోసం కట్టేవారికి ఇది బాగా నచ్చింది.

పూత రాలిపోయిన చోట ఈ గోడను దగ్గరగా చూస్తే, పిడికిలంత నల్ల చెకుముకి రాయి పక్కన సగం ఇటుక, దాని పక్కన వేలితో గీకితే రాలే తెల్లని సున్నం కనిపిస్తాయి. ఈ గోడకు కొద్దిపాటి చెమ్మ ఉండాలి. మరీ ఎండితే సున్నం పొడిబారి రాలిపోతుంది, మరీ తడిస్తే కరిగిపోతుంది. మంచి నీటిపంపు గొట్టం ఉంటే సగం బ్రైటన్‌ను పడగొట్టవచ్చని స్థానికులు వేసే పరిహాసం ఇందులోంచే పుట్టింది. 20వ శతాబ్దంలో పూత పగిలిన చోటల్లా గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటుతో అతుకులు వేయడం వల్ల లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, గోడలు లోలోపలే పాడవడం మొదలైంది. అందుకే ఇప్పటి మరమ్మతుదారులు మళ్ళీ సున్నపు గచ్చుకే వస్తున్నారు. పాత పద్ధతి మీద అభిమానంతో కాక, గోడ స్వభావాన్ని బట్టి తీసుకున్న నిర్ణయం ఇది.

కిటికీల్లోనూ కాలం కనిపిస్తుంది. మొదట సన్నని చెక్క పట్టీలతో అనేక చిన్న గాజు పలకలుగా విభజించిన, పైకీ కిందికీ జరిగే తలుపులు ఉండేవి. గాజు మీది ఎక్సైజు సుంకం 1845లో రద్దయ్యాక పెద్ద పలకలు చవకగా దొరకడంతో చాలామంది ఆ పట్టీలు తీయించి ఒకటి రెండు వెడల్పాటి అద్దాలు బిగించారు. నేడు వరుసలో ఒక ఇంటికి పట్టీలు ఉండి, పక్క ఇంటికి లేకపోవడానికి కారణం ఇదే. బ్రైటన్‌లో అంతకు ముందరి తరపు ఇళ్ళకు, ఉదాహరణకు 1798–1807 మధ్య కట్టిన రాయల్ క్రెసెంట్‌లోని పద్నాలుగు ఇళ్ళకు, ఇటుకలా కనిపించే నల్లని మెరుగు పెంకులు తాపడం చేశారు. ఇటుకల మీది పన్ను తప్పించుకోవడానికే ఈ పెంకులు వాడారన్న ప్రచారం ఉంది గానీ, 1784లో ఇటుకలతో పాటు పెంకుల మీద కూడా పన్ను వేసినందున అది నిలిచే వాదం కాదు; ఉప్పుగాలిని, వానను అవి బాగా తట్టుకుంటాయన్నదే నమ్మదగ్గ కారణం.

లోపలి అమరిక

ఈ తరహా ఇల్లు వెడల్పుగా కాక ఎత్తుగా పెరుగుతుంది. వీధి వెంబడి స్థలం ఖరీదైనది కనుక ముఖం ఇరుకు, లోతు ఎక్కువ, అంతస్తులు అనేకం. ప్రతి అంతస్తుకూ ఒక హోదా ఉంది. వీధి గుమ్మం దాటగానే వచ్చే అంతస్తులో నడవ, భోజనాల గది ఉంటాయి. దాని పై అంతస్తు ఇంటికి కిరీటం: అన్నిటికన్నా ఎత్తైన కప్పు, నేల దాకా దిగే కిటికీలు, వాటి ముందు పోత ఇనుప బాల్కనీ, మధ్యలో పెద్ద మడత తలుపులు తెరిస్తే ఒకటిగా కలిసిపోయే ముందు, వెనక సభాగదులు. అతిథులు రావడం, సంగీతం, నాట్యం, పేకాట అన్నీ ఇక్కడే. ఆ పైన యజమానుల పడకగదులు, ఇంకా పైన పిల్లలకూ పనివారికీ కప్పు తగ్గిన, అలంకారం లేని గదులు. అన్నిటినీ కలిపేది ఒక అంచు గోడలో బిగించి, రెండో అంచు గాలిలో వదిలిన రాతి మెట్ల వరుస. దాని నెత్తి మీద పైకప్పులో అమర్చిన గాజు గుమ్మటం వెలుతురును నిట్టనిలువుగా నడవ దాకా దించుతుంది.

13వ నంబరు ఇంటిలో పునరుద్ధరణకు తీసుకున్నది ప్రధానంగా ఈ పై గదులనే. సభాగదుల గోడల మీద పేరుకున్న రంగుల పొరలను ఒక్కొక్కటిగా పరిశీలించి తొలి వర్ణాలను తేల్చడం, విరిగిన కార్నిసులను, అంటే గోడా పైకప్పూ కలిసేచోట ఉండే అలంకారపు అంచులను, పాత ముక్కల నుంచి అచ్చు తీసి మళ్ళీ పోత పోయడం అక్కడ జరుగుతున్న పనిలో భాగం.

అయితే ఈ ఇల్లు ఎలా పనిచేసిందో 13 చెప్పదు. 10వ నంబరు నేలమాళిగ చెబుతుంది. కాలిబాటకూ ఇంటి గోడకూ మధ్య ఒక అంతస్తు లోతున తవ్విన ఇరుకు ఖాళీలోకి వీధి నుంచి వేరే మెట్లు దిగుతాయి. వ్యాపారులు, పనివారు ఆ దారినే రావాలి. ఖాళీకి వీధి వైపున, కాలిబాట కింద, కమాను కప్పుల బొగ్గు కొట్లు ఉంటాయి. కాలిబాటలోని గుండ్రని ఇనుప మూత తీసి బొగ్గు బస్తాను పైనుంచే కుమ్మరించేవారు కనుక మసి ఇంటి లోపలికి రాదు. లోపల వంటగది, పనివారి భోజనశాల, గృహనిర్వాహకురాలి గది, సారాయి కొట్టు, మాంసం చెడకుండా గాలి ఆడేటట్టు అమర్చిన అలమర ఉన్నాయి. పైన అన్ని గదుల నుంచీ రాగితీగలు గోడల్లోని గొట్టాల గుండా ఇక్కడికి దిగి, చుట్టలు తిరిగిన స్ప్రింగులకు వేలాడే గంటల బారుకు చేరడం ఈ కాలపు ఇళ్ళ రివాజు. సభాగదిలో పిడి తిప్పితే ఇక్కడ ఫలానా గంటే ఊగుతుంది. శబ్దం ఆగిపోయినా గంట ఊగుతూనే ఉంటుంది కనుక పని మధ్యలో తల తిప్పి చూసినా పిలుపు ఏ గది నుంచి వచ్చిందో తెలుస్తుంది.

గృహనిర్వాహకురాలి గదిలో పొయ్యి, అలమరలు కుదురుగా ఉండగా వంటపని చేసే గదిలో రాతి పలకల నేల మాత్రమే ఉండటం, పనివారిలో కూడా ఎన్ని మెట్లున్నాయో చూపిస్తుంది. బొగ్గు, వేడినీళ్ళు, వంటకాలు మోసుకొని పైకీ, బూడిద, మురికినీళ్ళు, ఎంగిలి పళ్ళాలు మోసుకొని కిందికీ రోజంతా మెట్లెక్కి దిగే మనుషులు లేకపోతే పైనున్న గదుల్లో ఒక్కటి కూడా ఒక్క పూట గడవదు. ఇంటి వాస్తు ఆ శ్రమ మీద ఆధారపడి ఉంది. తర్వాత ఆ శ్రమ చవకగా దొరకని రోజున ఇల్లు విచ్ఛిన్నమైంది.

మారిన వినియోగాలు

1841లో లండన్–బ్రైటన్ రైలుమార్గం పూర్తికావడంతో గుర్రపుబండిలో చాలా గంటలు పట్టే ప్రయాణం చాలా తగ్గి, ఒక్కరోజు విహారానికి వచ్చే సామాన్యులతో తీరం నిండిపోయింది. విక్టోరియా రాణి ఆ జనసమ్మర్దం పడక 1845 తర్వాత రావడం మానుకుంది; రాజు విడిదిని 1850లో పురపాలక సంఘానికి అమ్మేశారు. సంపన్నులు వేసవిని విహారయాత్రికులకు వదిలి, చలికాలానికి తమ సీజను మార్చుకున్నారు. బ్రన్స్‌విక్ మాత్రం ఊరికి కొంత ఎడంగా, తన కమిషనర్ల పాలనలో, కొంతకాలం పెద్దమనుషుల వాడగానే నిలిచింది. విశ్రాంత సైనికాధికారులు, కంపెనీ కొలువులో ఇండియాలో గడిపి తిరిగివచ్చినవారు, వితంతువులైన ధనిక స్త్రీలు స్థిర నివాసులుగా వచ్చారు. 1848 విప్లవంలో వియన్నా నుంచి పారిపోయిన ఆస్ట్రియా మహామంత్రి మెటర్నిక్ ప్రవాసకాలంలో కొంత భాగం బ్రన్స్‌విక్ టెర్రస్ 42లో గడిపాడు. ఇక్కడి చలనంలేని మర్యాదస్తుల జీవితం మీద తిరగబడి సోషలిస్టు రచయితగా ఎదిగిన ఎడ్వర్డ్ కార్పెంటర్ 1844లో ఈ స్క్వేరులోనే 45వ నంబరు ఇంట పుట్టాడు. తర్వాతి కాలంలో అతడు సింహళం, భారతదేశం తిరిగి తన యాత్రానుభవాలను పుస్తకంగా రాశాడు.

19వ శతాబ్దపు చివరి పాదంలో ఇలాంటి ఇళ్ళకు కొత్త ఉపయోగాలు దొరికాయి. గదులు ఎక్కువ, గాలి మంచిది, సముద్రం దగ్గర కనుక ప్రైవేటు పాఠశాలలకు ఇవి సరిగ్గా అమరాయి. నేడు కొండమీది మహాభవనంలో ఉన్న రోడీన్ బాలికల పాఠశాల 1885లో కెంప్ టౌన్‌లోని లూయిస్ క్రెసెంట్ 25వ నంబరు ఇంటిలో మొదలైంది. మరికొన్ని బోర్డింగ్ హౌసులుగా, అంటే గదీ భోజనమూ కలిపి వారాల లెక్కన ఇచ్చే ఇళ్ళుగా మారాయి. వెనక వీధుల్లోని గుర్రపుశాలలు మోటారు కారు వచ్చాక గ్యారేజీలు, కార్ఖానాలు అయ్యాయి. ఇప్పుడవి చిన్న ఇళ్ళు, కళాకారుల గదులు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంటిపనికి మనుషులు దొరకడం కష్టమవడంతో అసలు దెబ్బ తగిలింది. అంతకు ముందు నిలువునా ఒక కుటుంబానికి చెందిన ఇల్లు అడ్డంగా కోతకు గురైంది: అంతస్తుకొక ఫ్లాటు, తర్వాత గదికొక కాపురం. సభాగది మధ్యలో సన్నని చెక్క గోడ లేపినప్పుడు అది పైకప్పు కార్నిసును మధ్యలో కోసుకుంటూ పోయేది. అలంకారపు పుష్పంలో సగం ఒక అద్దెదారు పడకమీద, సగం పక్కవారి స్టవ్వుమీద మిగిలేది. 13వ నంబరు ఇల్లు కూడా ఇలాంటి ముక్కలైన స్థితిని చూసిందే. నేలమాళిగలు చాలాచోట్ల తడి, చీకటి గదులుగా చవక అద్దెకు పోయాయి. కొత్త వంటగదులు, స్నానాలగదులు పెట్టడానికి పాత అలమరలు, పొయ్యిలు పీకేశారు. 10వ నంబరు నేలమాళిగ ప్రత్యేకత అది తప్పించుకున్న మార్పుల్లోనే ఉంది. 1961లో సస్సెక్స్ విశ్వవిద్యాలయం మొదలయ్యాక విద్యార్థులు కూడా ఈ వాడలో అద్దెకు చేరారు. వెనక గోడల నిండా పాకిన మురుగునీటి గొట్టాలు, అతికించిన స్నానాలగదులు ఈ దశకు చెందినవి. చట్టం ముందు వైపునే కాపాడింది కనుక, ఇంటి చరిత్ర చదవాలనుకునేవారికి వెనక గోడే ఎక్కువ విషయం చెబుతుంది.

కూల్చివేత ముప్పు, పరిరక్షణ

1930లలో రీజెన్సీ ఇళ్ళంటే గౌరవం అడుగంటింది. బ్రన్స్‌విక్ టెర్రస్‌ను ఆనుకొని, సరిహద్దుకు బ్రైటన్ వైపున, వెల్స్ కోట్స్ రూపకల్పన చేసిన పదకొండు అంతస్తుల ఎంబసీ కోర్టు 1935లో లేచినప్పుడు, బ్రైటన్ పురపాలనలో అగ్రగణ్యుడైన సర్ హెర్బర్ట్ కార్డెన్ తీరం పొడవునా పాత ఇళ్ళు తీసేసి ఇలాంటివే కట్టాలని వాదించాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళకు హోవ్ పురపాలక సంఘం ముందు కూడా బ్రన్స్‌విక్, దాని పొరుగున ఉన్న అడలైడ్ క్రెసెంట్ వరుసలను తొలగించి కొత్తవి కట్టే ఆలోచన వచ్చింది. దాన్ని ఎదుర్కొనడానికి 1945 డిసెంబరులో రీజెన్సీ సొసైటీ ఏర్పడింది. దాని ముఖ్యుల్లో ఒకరైన ఆంటొనీ డేల్ 1947లో ప్రచురించిన ‘ఫ్యాషనబుల్ బ్రైటన్’ ఈ ఇళ్ళకు తొలిసారి శ్రద్ధతో చరిత్ర కట్టింది. అదే ఏడాది వచ్చిన పట్టణ ప్రణాళికా చట్టం చారిత్రక భవనాల జాబితాకు బలమిచ్చింది. స్క్వేరు, టెర్రస్ ఇళ్ళు మొదటి శ్రేణిలో చేరాయి. ఇంగ్లండులో జాబితాకెక్కిన కట్టడాల్లో సుమారు రెండున్నర శాతానికే దక్కే శ్రేణి ఇది. విచిత్రమేమంటే ఒకప్పుడు ఈ వరుసలకు గండంగా కనిపించిన ఎంబసీ కోర్టు కూడా ఇప్పుడు జాబితాలో ఉన్న రక్షిత కట్టడమే.

1980లలో 13వ నంబరు ఇంటిని మ్యూజియంగా మలచే ఉద్దేశంతో సేకరించడం పరిరక్షణలో తర్వాతి అడుగు. జాబితాలో ఉండటం కూల్చివేతను ఆపుతుంది గానీ, ముక్కలైన ఇంటిని తిరిగి ఒకటి చేయదు. అందుకు ఎవరో ఒకరు ఫ్లాటు తర్వాత ఫ్లాటు సంపాదించి, అడ్డుగోడ తర్వాత అడ్డుగోడ తీసి, దశాబ్దాల పాటు ఖర్చు భరించాలి. ఆ పనిని ఇక్కడ పెద్ద నిధులున్న సంస్థ కాక, స్వచ్ఛంద కార్యకర్తలు, గచ్చుపనీ చెక్కపనీ నేర్చుకునే శిక్షణార్థులు, పరిశోధకులు విరాళాల సాయంతో చేస్తూ రావడం వల్ల అది నెమ్మదిగా సాగింది; ఆ నెమ్మదితనమే మేలు చేసింది కూడా, ఎందుకంటే తొందరపడి కొత్త హంగులతో నింపిన గది కంటే, ఏ పొర ఏ కాలానిదో తెలియజేసే సగం విప్పిన గోడ పరిశోధకుడికి ఎక్కువ పనికొస్తుంది.

1997లో బ్రైటన్, హోవ్ పట్టణాలు ఒకే పాలన కిందికి వచ్చి, 2000లో ఉమ్మడిగా నగర హోదా పొందాయి. స్క్వేరులో ఇతర ఇళ్ళు దాదాపు అన్నీ ఫ్లాట్లుగానే ఉన్నాయి. ఒకప్పుడు నివాసులకే పరిమితమైన మధ్య తోట ఇప్పుడు అందరికీ తెరిచి ఉంది. 13, 10 నంబర్లను నిర్ణీత రోజుల్లో మార్గదర్శకుల వెంట చూడవచ్చు. వెళ్ళేవారు అలవాటుగా ముందు పైగదులకే పోతారు గానీ, పదో నంబరు నేలమాళిగలోకి దిగి బొగ్గు కొట్లూ, మాంసపు అలమరా చూశాకే 13లోని సభాగదికి మెట్లెక్కడం మంచిది.